పిలుపుకి ఎందరో నాయనలు

మా అమ్మ దగ్గర ఒక రేకుపెట్టె ఉంది. నా చదువు కాగితాలన్నీ అందులోనే దాచింది. మొన్న వేసవిలో ఊరికి పోయినప్పుడు ఏదో పాత సర్టిఫికెట్ కోసం దాన్ని తెరిచి, కాగితాలన్నీ మంచం మీద పరిచాను. హైస్కూల్లో చేరినప్పటి దరఖాస్తు నకలు, హాస్టల్ దరఖాస్తు, కాలేజీ స్కాలర్‌షిప్ ఫారం. మూడింట్లోనూ 'తండ్రి లేక సంరక్షకుడు' అన్న గడి ఉంది. మొదటిదాంట్లో పెదనాయన సంతకం. మిగిలిన రెండింట్లో చిన్నాయనల సంతకాలు. నేను మూడో తరగతిలో ఉండగా మా నాయన చనిపోయాడు. ఆ తర్వాత నన్నూ చెల్లెల్నీ పెంచింది అమ్మే. రెండావుల్ని పెట్టుకుని పాలు పోసింది. శెనక్కాయలు వొలిచేదానికి కూలికి పోయింది. ఆ కాగితాల్లో అమ్మ సంతకం ఒక్కచోట కూడా లేదు. అమ్మకి సంతకం పెట్టడం వచ్చు.

"నువ్వెందుకు పెట్టలేదమా?" అని అడిగాను.

"నన్నెవురడిగినారు పాపా? వాళ్ళ నాయనోళ్ళు ఉండారు గదా అన్నారు" అంది.

నాయనోళ్ళు. ఆ బహువచనం దగ్గర నేను ఆగిపోయాను. కన్న నాయన పోయాక కూడా మా ఇంట్లో నాయనలకు కొరత లేదు. పెద్ద నాయన ఒకరు, చిన్న నాయనలు ఇద్దరు. ముగ్గురూ మంచివాళ్ళే. పండక్కి గౌన్లు కొన్నవాళ్ళే. కానీ మమ్మల్ని ఎవరు పెంచారు అంటే వాళ్ళ పేరు చెప్పలేను. మరి ఆ గడిలో వాళ్ళ సంతకం ఏ హక్కుతో పడింది? పెంచిన హక్కుతో కాదు, పిలుపు హక్కుతో. మన భాష వాళ్ళకి ముందే 'నాయన' అన్న మాట ఇచ్చి పెట్టింది.

మాతృత్వం గురించి తెలుగు స్త్రీవాదులం చాలా రాశాం. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం నాటికే అమ్మతనం చుట్టూ అల్లిన పవిత్రతను కవయిత్రులు ప్రశ్నించడం మొదలుపెట్టారు. తండ్రి పెత్తనాన్ని గురించీ రాశాం. కానీ తండ్రి అన్న మాటను విప్పి చూడటం తక్కువ. అది ఎవరికి చెందుతుంది, ఎంతమందికి చెందుతుంది, ఏం చేస్తే చెందుతుంది, ఏమీ చెయ్యకపోయినా ఎందుకు చెందుతుంది? ఈ ప్రశ్నలు వేసుకోవడానికి మా చిత్తూరు, తిరుపతి ప్రాంతపు మాటల కంటే మంచి చోటు నాకు తెలీదు. నా నోట్లో నలిగినవి ఆ మాటలే.

ముందుగా వరస సంగతి. మనకు నాయన అన్నదమ్ములంతా నాయనలే. అమ్మ అక్కచెల్లెళ్ళంతా అమ్మలే. పెద్దమ్మ మొగుడు పెదనాయన, చిన్నమ్మ మొగుడు చిన్నాయన. వాళ్ళ బిడ్డలు మనకి అన్నాదమ్ములు, అక్కాచెల్లెళ్ళు. కోస్తా వాళ్ళు బాబాయి అంటారు, పుస్తకాల్లో పినతండ్రి అని రాస్తారు. మాట ఏదైనా అమరిక ఒకటే. ఇంగ్లీషు వాడు వీళ్ళందర్నీ 'అంకుల్' అనే ఒకే గంపలో వేసేస్తాడు. మనం మాత్రం తండ్రినీ తండ్రి తమ్ముణ్ణీ ఒక జట్టులో పెట్టి, అమ్మ తమ్ముణ్ణి 'మామ' అని వేరే జట్టులో పెడతాం. అమెరికన్ పండితుడు లూయీ హెన్రీ మోర్గన్ 1871లో అచ్చువేసిన బృహద్గ్రంథంలో ప్రపంచంలోని ఎన్నో జాతుల బంధుత్వ పదాల పట్టికలు ఇచ్చాడు. వాటిలో తమిళం, తెలుగు కూడా ఉన్నాయి. అమెరికాలోని సెనెకా ఆదివాసులూ దక్షిణ భారతీయులూ కూడా తండ్రి సోదరుణ్ణి తండ్రి అనే అంటారని చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. తర్వాత ఇరావతీ కర్వే 1953లో, థామస్ ట్రౌట్‌మన్ 1981లో ఈ ద్రావిడ అమరికను వివరంగా పరిశీలించారు. వాళ్ళు తేల్చిన ముఖ్యమైన సంగతి, ఈ వరసలు ఎవర్ని పెళ్ళాడొచ్చో ఎవర్ని పెళ్ళాడకూడదో చెప్పే లెక్క అని. చిన్నాయన కొడుకు అన్న, కాబట్టి కూడదు. మామ కొడుకు బావ, కాబట్టి కూడుతుంది.

అంటే 'చిన్నాయన' అన్న పిలుపు బిడ్డకి ఇచ్చే హామీ ఏమిటి? నీకు అన్నం పెడతానని కాదు. నా బిడ్డ నీకు తోబుట్టువు అని మాత్రమే. వరస అన్న మాటకి మొదటి అర్థం క్రమం, బారు. బారులో ఎవరెక్కడ నిలబడాలో చెప్తుంది తప్ప ఎవరు ఎవర్ని ఎత్తుకోవాలో చెప్పదు.

ఇక ఆ మాటల పుట్టుక చూద్దాం. 'తండ్రి' అన్న మాటకి దగ్గరి చుట్టాలు కన్నడ తందె, తమిళ తందై. పాత తమిళంలో ఎందై అంటే నా తండ్రి, నుందై అంటే నీ తండ్రి, తందై అంటే తన తండ్రి. ఎవరి తండ్రో చెప్పకుండా వట్టి 'తండ్రి' అనడం ఆ మాటల్లో కుదరదు. ఆ మూడోదే కాలక్రమంలో అందరికీ స్థిరపడింది. నాకు ఇందులో ఒక ముచ్చట కనిపిస్తుంది. మాటలో దాగిన ఆ 'తన' ఎవరిది? బిడ్డది. తండ్రిని తనవాడు అనేది బిడ్డ. మరి ఎప్పుడు తారుమారైందో గానీ, ఇవాళ బిడ్డ తండ్రి సొత్తు. ఇంటిపేరు ఆయనది, కులం ఆయనది, ఆస్తి కాగితం ఆయనది.

'నాయన' సంగతి వేరు. నాయుడు, నాయకుడు, శివభక్తులైన నాయనార్లు (మన శ్రీకాళహస్తి కన్నప్ప ఆ అరవైముగ్గురిలో ఒకడు) - ఈ మాటలన్నీ పెద్దరికం, ఏలుబడి చుట్టూ తిరిగేవే. నాయనను వీటి పక్కన నిలబెడితే ఆ పిలుపులో ఉన్న బరువు ఎక్కడిదో తెలుస్తుంది. 'అయ్య'కూ ఇదే తంతు. ఎన్నో దళిత, బహుజన ఇళ్ళల్లో అయ్య అంటే కన్నతండ్రి. అదే మాట భూస్వామికీ, పూజారికీ, బడిపంతులికీ చెల్లుతుంది. కన్నవాణ్ణీ ఏలేవాణ్ణీ ఒకే మాటతో పిలవాల్సి వచ్చిన బిడ్డ ఏ అయ్య దగ్గర చనువుగా ఉండగలడు? ఇక 'అబ్బ'. రాయలసీమలో చాలా ఊళ్ళల్లో అబ్బ అంటే తాత, ముస్లిముల ఇళ్ళల్లో అబ్బా అంటే నాయన. తిట్టాలంటే కూడా మనకు ఎదుటివాడి అబ్బే గుర్తొస్తాడు. దెబ్బ తగిలితే మాత్రం అమ్మా అంటాం.

పెద్ద తండ్రి కలిసి పెత్తండ్రి అయినట్టే, పెద్దతనం పెత్తనం అయింది. ఒకే సంధి, ఒకే చప్పుడు. మా పెదనాయన ఇంట్లో ఈ రెండు మాటల్నీ విడదీసి చూడటం నాకు ఎప్పుడూ సాధ్యం కాలేదు.

నాయనలు ఎందరైనా వాళ్ళకి ఇంకో పేరు కూడా ఉంది. భూమి కాగితాల్లోకి వచ్చేసరికి చిన్నాయన దాయాది అవుతాడు. దాయం అంటే పంచుకోవాల్సిన సొత్తు. మా పల్లెల్లో పాలోళ్ళు అంటాం. పాలు అంటే భాగం. మైల పట్టేది వాళ్ళకే, భాగం పంచుకునేదీ వాళ్ళే. 1986లో రాష్ట్రంలో కూతుళ్ళకీ ఉమ్మడి ఆస్తిలో హక్కు కల్పిస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, ఎన్నో ఇళ్ళల్లో చిన్నాయనలు ఒక్కరోజులో దాయాదులయ్యారు. మా ఇంట్లోనూ అంతే. "ఆడబిడ్డకి నాయన లేని లోటు రానిచ్చినామా?" అన్న నోళ్ళే "భాగమా, ఏం భాగం?" అన్నాయి. పితృత్వాన్ని పంచుకోవడం అంటే మన దగ్గర పనిని పంచుకోవడం కాదు, పాలు పంచుకోవడమే అని అప్పుడు అర్థమైంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అమ్మలు కూడా బహువచనమే కదా? పెద్దమ్మ, చిన్నమ్మ అని వాళ్ళనూ వరసల్లోనే పెట్టాం కదా? నిజమే. మాటల పట్టికలో రెండు పక్కలా సమానంగానే ఉంటాయి. తేడా పట్టిక బయట ఉంది. అమ్మకి టైఫాయిడ్ వచ్చి నెలరోజులు పడుకున్నప్పుడు మా చిన్నమ్మ వచ్చి మాకు తలలు దువ్వింది, సంగటి కెలికింది, ఆవుల పేడ ఎత్తింది. 'చిన్నమ్మ' అన్న మాట ఆ నెలరోజుల్లో నిండింది. చిన్నాయన అన్న మాట నిండటానికి ఒక సంతకం చాలింది. తల్లి వరస ఎవరికిచ్చినా దానితోపాటు పని కూడా అప్పజెప్తాం. తండ్రి వరసతో అధికారం అప్పజెప్తాం. పట్టికలు గీసిన పండితుల గ్రంథాల్లో ఈ తేడాకి గడి లేదు.

మరి మాకు నాయన పని చేసిన మగవాడు ఎవరూ లేరా? ఉన్నాడు. మా మామ, అమ్మకి తమ్ముడు. నా చెవులు కుట్టించింది ఆయన వొళ్ళో కూర్చోబెట్టే. అది ఆచారం. ఆచారంతో పని లేకుండా ఆయన చేసినవి వేరు. పండిన ప్రతి పంటకీ ఒక మూట వడ్లు సైకిలు వెనక కట్టుకుని వచ్చేవాడు. పరీక్ష ఫీజుకి డబ్బులు లేవని తెలిస్తే, అడక్కుండానే తెచ్చి అమ్మ కొంగులో కట్టేవాడు. నాకు లెక్కలు రావని, తనకూ రాకపోయినా, లాంతరు ముందు కూర్చుని నాతోపాటు కుస్తీ పట్టేవాడు. నాకు పదిహేనేళ్ళు వచ్చేసరికి చుట్టాలు మొదలుపెట్టారు. "ఇంత చేస్తా ఉండాడు, కట్టబెట్టేస్తే పోలా? వరసే గదా!" అని.

అవును, వరసే. మా వైపు అక్క కూతుర్ని చేసుకోవడం తప్పు కాదు. 1955 హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడళ్ళ పెళ్ళిని నిషిద్ధ సంబంధాల్లో చేర్చినా, ఆచారం ఉన్నచోట చెల్లుతుందని వదిలేసింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ చుట్టాల మాటల్లో క్రూరత్వం కంటే భాష ఇరుకు ఎక్కువ కనిపిస్తుంది. ఒక మగవాడు ఒక ఆడపిల్లను ఇంత ప్రేమగా చూసుకుంటే, అతను 'నాయన' వరస కాకపోతే, ఆ ప్రేమకు మన దగ్గర ఒకే ఒక్క పేరు మిగులుతుంది. మామ ఆ మాట విన్నరోజు సైకిలు దిగకుండానే వెనక్కి తిరిగాడు. తర్వాత అమ్మతో "ఎత్తుకుని ఉచ్చ కడిగినోణ్ణి కా, నన్నట్లడగొచ్చునా?" అన్నాడట. భాష ఇవ్వని స్థానాన్ని ఆయన ఆ ఒక్క వాక్యంతో సంపాదించుకున్నాడు. చేసిన పనిని సాక్ష్యం పెట్టి.

కానీ నా పెళ్ళిలో కన్యాదానం చేసింది పెదనాయన, పెద్దమ్మ. పీటల మీద వాళ్ళు కూర్చున్నారు. విధవరాలు కాబట్టి అమ్మ పందిట్లో ముందుకు రాకూడదు. మామ వరసకి మామే కాబట్టి ఆ పీట ఆయనకి రాదు. ఇద్దరూ స్తంభం వెనక నిలబడి చూశారు. నన్ను పెంచిన ఇద్దరూ వెనక నిలబడితే, పిలుపు ఉన్నవాళ్ళు నా చెయ్యి ఇంకొకరి చేతిలో పెట్టారు. అప్పటికి నేను ఎంఏ తెలుగు చదివాను. ఒక్కమాట అనలేదు. ఆ మౌనం గురించి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఎంఏలో చదివిన వాటిలో శకుంతల కథ ఉంది. కాళిదాసు నాటకం కాదు, భారతంలోని కథ. అందులో కణ్వుడు తనకు అడవిలో పక్షుల మధ్య దొరికిన బిడ్డ గురించి చెప్తూ, తండ్రులు ముగ్గురంటాడు: శరీరాన్నిచ్చినవాడు, ప్రాణం కాపాడినవాడు, అన్నం పెట్టినవాడు. లోకంలో చెప్పుకునే పంచపితరుల లెక్కలో ఇది ఐదుగురిదాకా పోతుంది. కన్నవాడు, ఉపనయనం చేసినవాడు, చదువు చెప్పినవాడు, అన్నం పెట్టినవాడు, భయం నుంచి కాపాడినవాడు. మొదట చదివినప్పుడు నాకిది గొప్ప ఔదార్యంగా కనిపించింది. పెంచడాన్ని కనడంతో సమానం చేసిన మాట కదా!

కానీ అదే కథ చివరికి పోయి చూడండి. దుష్యంతుడు బిడ్డను కాదన్నప్పుడు ఆకాశవాణి వచ్చి శకుంతల పక్షాన తీర్పు చెప్తుంది. ఏమని? తల్లి వట్టి తోలుతిత్తి, కొడుకు పుట్టించిన తండ్రికి చెందినవాడు, కాబట్టి స్వీకరించు అని. శకుంతల గెలిచింది, కానీ తిత్తిగా గెలిచింది. తండ్రితనాన్ని ముగ్గురికి పంచగలిగిన గ్రంథం, తల్లితనాన్ని ఒక్కరికి కూడా పూర్తిగా ఇవ్వలేకపోయింది. పైగా ఆ ముగ్గురు తండ్రుల లెక్కలో అన్నం పెట్టినవాడు ఉన్నాడు. అన్నం వండింది ఎవరో లేదు.

ధర్మశాస్త్రాలు ఇంకో అడుగు ముందుకేశాయి. బిడ్డ ఎవరిది అన్న తగువులో రెండు మాటలు పుట్టించాయి. బీజి అంటే విత్తనం వేసినవాడు, క్షేత్రి అంటే పొలం గలవాడు. ఇద్దరు తండ్రులు, ఒక పొలం. ఔరసుడు, క్షేత్రజుడు, దత్తుడు, కానీనుడు, సహోఢుడు అంటూ కొడుకుల్లో పన్నెండు రకాలు లెక్కపెట్టాయి. ఈ మాటలన్నీ మగవాళ్ళ మధ్య రాజీ కాగితాలే. లీలా దూబే 1986లో రాసిన 'విత్తనం, భూమి' వ్యాసంలో ఈ పోలిక ఎంత రాజకీయమైనదో విప్పి చెప్పింది. స్త్రీని నేలగా ఊహించడమంటే ఆమె శ్రమను ప్రకృతిగా మార్చడం, పంట మీద హక్కును విత్తనం గలవాడికి రాసివ్వడం. శెనగ చేలో కలుపు తీసిన ఏ ఆడమనిషైనా చెప్తుంది, నేల తనంతట తానే పంట పండించదని.

పెంచిన తండ్రికి సరైన మాట లేకపోవడం అక్కడి నుంచే వచ్చిన లోటు అనిపిస్తుంది. 'సవతి తండ్రి' అన్న మాట ఒక్కసారి పరిశీలనగా చూడండి. సవతి అంటే మొగుడి ఇంకో పెళ్ళాం. సవతి తల్లి అనడంలో అర్థం ఉంది. మరి సవతి తండ్రి ఎవరికి సవతి? మగవాడు ఎన్ని పెళ్ళిళ్ళైనా చేసుకోవచ్చు కాబట్టి సవతి తల్లికి మాట అవసరమైంది. భర్త పోయిన అగ్రకుల స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకోవడం ఊహలో కూడా లేదు కాబట్టి ఆ రెండో భర్తకు బిడ్డల వైపు నుంచి మాట పుట్టలేదు. వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. ఆ పెళ్ళిళ్ళ వల్ల వచ్చిన కొత్త తండ్రికి, సవతి తల్లి నుంచి అరువు తెచ్చిన మాట అతికించాం. మారుమనువులు అలవాటుగా ఉన్న కులాల్లో మాత్రం 'మారుతండ్రి' అన్న మాట సహజంగా వినిపిస్తుంది. అందులోనూ 'మారు' ఉంది, అసలుకి బదులు అన్న ధ్వని ఉంది. కానీ సవతిలో ఉన్న పోటీ, విషం దానిలో లేవు.

ఇది వట్టి మాటల గొడవ కాదు. 2006లో భర్త చనిపోయి, మరుసటి ఏడు మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఒక తెలుగు తల్లి మీద, బిడ్డ తాత, నాయనమ్మ సంరక్షణ హక్కు కోసం 2008లో కోర్టుకెక్కారు. బిడ్డకి కన్నతండ్రి ఇంటిపేరే తిరిగి పెట్టాలనీ, రికార్డుల్లో కన్నతండ్రి పేరు రాయాలనీ, కుదరనిచోట తల్లి ఇప్పటి భర్తను సవతి తండ్రి అని చూపించాలనీ 2014లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కేసు నడుస్తుండగానే 2019లో ఆ రెండో భర్త బిడ్డను రిజిస్టర్ చేసి దత్తత తీసుకున్నాడు. 2022 జులై 28న సుప్రీంకోర్టు హైకోర్టు ఆదేశాన్ని కొట్టేసింది. సవతి తండ్రి అని కాగితంలో రాయించడం దాదాపు క్రూరమని, అది బిడ్డ మనసు మీద, ఆత్మగౌరవం మీద ఏం ప్రభావం చూపుతుందో ఆలోచించకుండా ఇచ్చిన ఆదేశమని అంది. తండ్రి పోయాక తల్లే సహజ సంరక్షకురాలు కాబట్టి ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదే అంది. రోజూ నోట్లో ఆడే ఒక మాట బిడ్డను గాయపరుస్తుందని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం గుర్తించింది. సాహిత్య విమర్శకులం మనం ఇంకా గుర్తించాల్సే ఉంది.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. 1956 హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి. ఈ 'తర్వాత' అన్న మాట మీద నవలా రచయిత్రి గీతా హరిహరన్ పోరాడింది. కొడుకు పేరు మీద రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారు ఆమెను. 1999లో సుప్రీంకోర్టు 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదు, ఆయన బాధ్యత తీసుకోని సందర్భాల్లో కూడా అని అర్థం చెప్పింది. కానీ మా అమ్మకు ఆ తీర్పు కూడా అక్కర్లేదు. మా నాయన పోయిన రోజు నుంచీ, 1956 చట్టం ప్రకారమే, మా సంరక్షకురాలు అమ్మ. పెదనాయన, చిన్నాయనలకు చట్టంలో ఆ స్థానం లేనే లేదు. బడిలో గుమాస్తాకి చట్టం తెలీదు, వరస తెలుసు. వరస చట్టాన్ని గెలిచింది.

ఇక మా తిరుపతి గంగమ్మ దగ్గరికి వస్తాను. గంగమ్మ పసిబిడ్డగా అవిలాలలో దొరికిందనీ, అక్కడే పెరిగిందనీ జనం చెప్పుకుంటారు. ఆడవాళ్ళ మీద దౌర్జన్యం చేసే పాలెగాణ్ణి వెతికి చంపడానికి ఆమె వేసిన వేషాలే ఇవాళ్టి జాతర వేషాలు. జాతర మొదలయ్యేది అవిలాల నుంచి కైకాల వాళ్ళు తెచ్చే పసుపు, కుంకుమ, చీరె సారెతో. దాన్ని ఏమంటారు? పుట్టింటి సారె అంటారు. దొరికిన ఇంటిని, పెంచిన ఇంటిని జనం పుట్టిల్లు అనేశారు! పెంపుడిల్లు అనలేదు, మారుటిల్లు అనలేదు. వెంకటేశ్వరుడికి ఆమె చెల్లెలని తిరుమల నుంచి కూడా సారె వస్తుంది. ఆమెను కన్నదెవరన్న విచారం జాతరలో ఎవరికీ లేదు. నారాయణవనం ఆకాశరాజు సంగతీ అంతే. నాగలి సాలులో తామరపూవులో దొరికిన పద్మావతి ఆకాశరాజు కూతురే. కల్యాణంలో ఆమెకు పెంపుడు కూతురన్న విశేషణం ఎవరూ తగిలించరు. పెంచినవాణ్ణి తండ్రి అనడం మన జనానికి చేతకాని పనేం కాదని ఈ కథలు చెప్తున్నాయి.

ఆగండి. అంత తొందరగా సంతోషపడే వీలు లేదు. అదే జిల్లాలో (2022లో చిత్తూరు జిల్లా చీలింది) తమిళనాడు సరిహద్దు పల్లెల్లో మాతమ్మ ఆచారం ఉంది. జబ్బు చేసిన దళిత ఆడబిడ్డను మాతమ్మ దేవతకు మొక్కుకుని, గుడి ముందు తాళి కట్టి వదిలేస్తారు. పెద్దయ్యాక జాతరల్లో ఆడాలి, ఊరి మగవాళ్ళకు అందుబాటులో ఉండాలి. దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ 1988లో రాష్ట్ర చట్టం వచ్చింది. 2017లో కూడా జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ ఆచారం మీద రెండు రాష్ట్రాలకూ నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది. ఆ స్త్రీని ఊరంతా పిలిచేది మాతమ్మ అని. మాత ఒకసారి, అమ్మ ఇంకోసారి, రెండుసార్లు తల్లి. ఆమె కన్న బిడ్డలకు మాత్రం బడి దరఖాస్తులో 'తండ్రి' గడి ఖాళీ. నాకు అక్కర్లేకపోయినా ముగ్గురు నాయనలు దొరికారు, భూమి ఉన్న కులం కాబట్టి. అక్కడ ఇంతమంది మగవాళ్ళు పంచుకున్న తర్వాత కూడా బిడ్డకు ఒక్క నాయన లేడు. పంచపితరులు, పన్నెండు రకాల కొడుకులు, బీజి, క్షేత్రి, ఇన్ని మాటలు పుట్టించిన సంస్కృతికి ఆ బిడ్డ తండ్రిని పిలవడానికి మాట దొరకలేదు. దొరికిన పసిబిడ్డ దేవత అయితే కులగోత్రాలు అడగం. మాతమ్మ బిడ్డయితే అదే మొదట అడుగుతాం. పితృత్వపు పదజాలం ఎవరికి ఉదారంగా ఉంటుందో, ఎవరికి నోరు మూసుకుంటుందో ఇంతకంటే స్పష్టంగా ఏ నిఘంటువూ చెప్పలేదు.

2015లో సుప్రీంకోర్టు, పెళ్ళి కాని తల్లి బిడ్డకు సంరక్షకురాలు కావడానికి తండ్రి పేరు చెప్పాల్సిన పని లేదంది. 2016 చివర్లో పాస్‌పోర్టు నిబంధనలు మారి, అమ్మానాన్నల్లో ఒక్కరి పేరు ఇస్తే చాలన్నారు. గడులు నెమ్మదిగా మారుతున్నాయి. నోళ్ళు కూడా మారాలి. అంటే చిన్నాయనను చిన్నాయన అనడం మానేయాలని నేననడం లేదు. వరసల్లో వెచ్చదనం ఉంది, అది పోగొట్టుకుంటే మిగిలేది 'అంకుల్' మాత్రమే. పిలుపును అధికారంగా, సంతకంగా, పీటగా మార్చడం మానాలంటున్నాను. నాయన అన్న మాట పుట్టుకతో వచ్చే బిరుదుగా కాకుండా, చేసిన పనితో నిండే మాటగా ఉండాలంటున్నాను, చిన్నమ్మ అన్న మాట నిండినట్టు.

తెలుగులో అలాంటి మాట ఒకటి ఉంది కూడా. మా కుప్పం వైపు, పొరుగున తమిళ, కన్నడ దేశాల్లో అప్ప అంటే నాయన. అదే తెలుగు నేల మీద ఆ చివర, శ్రీకాకుళం వైపు, అప్ప అంటే అక్క. ఒకే మాట ఒకచోట ఇంటి పెద్ద మగవాడికి, ఇంకొకచోట చెల్లెళ్ళనీ తమ్ముళ్ళనీ చంకనెత్తుకుని పెంచే ఆడపిల్లకి. ఇది భాష చేసిన కాకతాళీయమే కావచ్చు. కానీ నాకు నచ్చింది. నాయన పోయిన ఇంట్లో, అమ్మ కూలికి పోయిన వేళ, నా చెల్లెలికి అన్నం పెట్టి బడికి తోలింది తొమ్మిదేళ్ళ నేను. మేం శ్రీకాకుళం వాళ్ళమై ఉంటే అది నన్ను అప్పా అనే పిలిచేది.

ఆరోజు కాగితాలన్నీ తిరిగి పెట్టెలో సర్దుతూ అమ్మని అడిగాను, "ఆ గడిలో నీ పేరు రాసుంటే బాగుండేది కదమా?" అని.

అమ్మ నవ్వింది. "వరస నోటికి పాపా, బువ్వ కడుపుకి. నువ్వు చదువుకున్నావా లేదా, అది చెప్పు" అంది.

ఆ నవ్వుకి సమాధానపడిపోయే వయసు దాటిపోయాను. కిందటేడు చెల్లెలి కూతురి పెళ్ళిలో, దానం అన్న మాట లేకుండా, అమ్మా మామా ముందు వరసలో కూర్చుని ఆ పిల్లనూ పిల్లవాణ్ణీ దీవించారు. పత్రికలో అందరికంటే ముందు అమ్మ పేరు వేయించాం. కిందనే మామ పేరు. ఆయన పేరు పక్కన ఏ వరస రాయాలని ప్రెస్సతను అడిగితే, చెల్లెలు ఒక్క క్షణం ఆలోచించి 'మమ్మల్ని పెంచినాయన' అని రాయించింది. అచ్చులో రెండు మాటల మధ్య ఖాళీ పోయి అంతా ఒకే మాటగా పడింది. తప్పు దిద్దమని మేం అడగలేదు.